సిమెంటు బస్తాకు ఉన్నంత చరిత్ర

పాలకీడు మండలం భవానీపురం నుంచి వచ్చే సిమెంటు బస్తాను ఒకసారి తిప్పి చూడండి. బరువు 50 కిలోలు, ఏ గ్రేడు, ఏ ఏడాది ఎన్నో వారంలో తయారైంది అన్నీ దాని మీదే అచ్చేసి ఉంటాయి. కృష్ణ ఒడ్డున పాలకీడు, మఠంపల్లి, మేళ్లచెరువు, దామరచర్ల పొడవునా నేల కింద సున్నపురాయే. ఆ రాయి కాలి, పొడై, బస్తాకెక్కి ఊళ్లనూ పట్నాలనూ నిలబెట్టింది.

ఇప్పుడు సిమెంటుతో లేచిన ఏదో ఒక ఆఫీసు గుమ్మం దగ్గరికి రండి. అక్కడి శిలాఫలకం మీద శంకుస్థాపన చేసిందెవరు, ప్రారంభించిందెవరు, అధ్యక్షత వహించిందెవరు, అంతా ఉంటుంది. నమూనా గీసిందెవరు? స్తంభాల లెక్క కట్టిన ఇంజనీరెవరు? సెంట్రింగ్ కొట్టిన మేస్త్రి ఎవరు? ఆ పేర్లు సాధారణంగా కనిపించవు. బస్తాకు ఉన్నంత చరిత్ర కూడా భవనానికి దక్కలేదు.

సూర్యాపేట పక్కనే పిల్లలమర్రి ఉంది. అక్కడి ఎరకేశ్వరాలయం 1208 నాటిదని శాసనం చెబుతోంది. ఎనిమిది వందల ఏళ్ల కిందటి గుడి ఎప్పుడు కట్టించారో, ఎవరు కట్టించారో బడిపిల్లలు కూడా చదివి చెప్పగలరు. నలభై ఏళ్ల కిందటి తాసీల్దారు ఆఫీసు ప్లాను ఎవరు గీశారని అడిగితే పెద్దవాళ్లమే తెల్లమొహం వేస్తాం.

గుడినో, కోటనో, గడినో చూస్తే వారసత్వం అంటాం. కాంక్రీటు ఆఫీసు పాతదీ కాదు, కొత్తదీ కాదు. పెచ్చులూడితే పాడుబడ్డదంటాం, పడగొడితే పీడా పోయిందంటాం. ఢిల్లీ ప్రగతి మైదాన్‌లో 1972లో లేచిన హాల్ ఆఫ్ నేషన్స్‌కు రాజ్ రేవాల్ రూపమిస్తే, దాని నిర్మాణ బాధ్యత ఇంజనీర్ మహేంద్ర రాజ్ మోశారు. మధ్యలో ఒక్క స్తంభం లేకుండా కాంక్రీటు కడ్డీల అల్లికతోనే నిలిచిన కట్టడమది. అరవై ఏళ్లు నిండని భవనాలను వారసత్వం కింద పరిశీలించలేమని వారసత్వ కట్టడాల కమిటీ తేల్చింది. 2017 ఏప్రిల్‌లో అది నేలమట్టమైంది.

మన హైదరాబాద్‌లో 2020 జులైలో పాత సచివాలయాన్ని కూల్చారు. అందులో 1888 నాటి జీ బ్లాకు గురించి ఎందరో బాధపడ్డారు. దాని చుట్టూ ఉన్న కాంక్రీటు బ్లాకుల కోసం కంటతడి పెట్టినవాళ్లు తక్కువ. కానీ రెండు రూపాయల కిలో బియ్యం పథకం ఫైళ్లు నడిచింది ఆ ఆవరణలోనే. అర్జీ పట్టుకుని జిల్లాల నుంచి వెళ్లినవాళ్లు గంటలకొద్దీ నిలబడిందీ అక్కడే. కూల్చడం తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. కూల్చేముందు కొలవాలి, ఫొటో తీయాలి, రాసిపెట్టాలి. నేను అడిగేది ఇంతే.

దీన్ని ఒక ఉద్యమంగా చేసినవాళ్లున్నారు. 1988లో నెదర్లాండ్స్‌లో డోకోమోమో అనే సంస్థ పుట్టింది. ఆధునిక కట్టడాలను నమోదు చేయడం, కాపాడడం దాని పని. స్పెయిన్, పోర్చుగల్ శాఖ 1993 నుంచి నడుస్తోంది. రాసిపెడితే ఏమవుతుందో ఒక ఆఫీసులోనే చూద్దాం. స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతానికి రాజధాని బార్సిలోనా. అక్కడ పెద్ద చర్చికి ఎదురుగా వాస్తుశిల్పుల సంఘం ఆఫీసు ఉంది. 1962లో పూర్తయిన ఆ భవనాన్ని గీసింది షావియేర్ బుస్కెట్స్. దాని గోడ మీద మొత్తం ఒక జాతర కనిపిస్తుంది. నిలువెత్తు బొమ్మలు, మట్టలు పట్టుకుని నడిచే జనం. బొమ్మలు పికాసోవి. ఆయన ఫ్రాన్స్‌లో కూర్చుని గీస్తే, నార్వే కళాకారుడు కార్ల్ నెస్యార్ ఇసుకను గాలి ఒత్తిడితో చిమ్ముతూ కాంక్రీటు మీదికి ఎక్కించాడు. ఎవరు గీశారు, ఎవరు చెక్కారు, ఏ పద్ధతిలో చెక్కారు అన్నీ రాసిపెట్టారు కాబట్టే ఈ ముక్క మనదాకా వచ్చింది.

కాగితం బలం ఎంతో చెప్పే కథ కూడా అదే ఊళ్లో ఉంది. 1929 అంతర్జాతీయ ప్రదర్శన కోసం వాస్తుశిల్పి మీస్ వాన్ డెర్ రోహె అక్కడ జర్మనీ మండపం కట్టాడు. 1930లోనే దాన్ని విప్పేశారు. అర్ధశతాబ్దం గడిచాక 1983లో పని మొదలుపెట్టి, పాత గీతలు, ఫొటోలు, తవ్వితే బయటపడ్డ పునాదుల ఆధారంతో 1986 నాటికి అదే చోట తిరిగి నిలబెట్టారు. విప్పేసిన కట్టడానికి కాగితం మళ్లీ ప్రాణం పోసింది.

ఆఫీసే ఎందుకు అంటారేమో. జనానికీ సర్కారుకూ, యజమానికీ పనివాడికీ మధ్య దూరం ఎంతో ఆఫీసు కట్టుబడిలోనే కనబడుతుంది. పాత తాలూకా కచేరీల్లో పొడవాటి వరండా ఉండేది. అర్జీలు రాసేవాళ్లు, సాక్షులు, ఎండకు తట్టుకోలేక వచ్చినవాళ్లు అందరూ అక్కడే. 1998 నవంబరులో ప్రారంభమైన సైబర్ టవర్స్ గుండ్రటి పది అంతస్తులతో ఇంకో కాలాన్ని చాటింది. లోపలికి పోవాలంటే మెడలో కార్డు ఉండాలి. హైదరాబాద్‌లోనే వాస్తుశిల్పి రాహుల్ మెహ్రోత్రా బృందం 2012లో పూర్తి చేసిన కేఎంసీ కంపెనీ ఆఫీసు మరో దారి పట్టింది. గోడకు బయట అల్యూమినియం జాలీ, ఆ జాలీకి వరుసగా మొక్కల తొట్లు, వాటికి చుక్కచుక్కగా నీళ్లు. గోడకూ జాలీకీ మధ్య నడవా మీద తోటమాలి నడుస్తుంటే, లోపల కుర్చీలో ఉన్నవాళ్ల కళ్లు అతని కళ్లను కలుస్తాయి. మొక్కల నీడ ఎండ వేడిని కొంత ఆపుతుంది. ఎండాకాలం కాగే ఊళ్లలో అద్దాల గోడలు కట్టుకునే మనకు ఇది పనికొచ్చే పాఠం. రాసిపెడితేనే ఆ పాఠం తర్వాతివాళ్లకు అందుతుంది.

నమోదుకు పెద్ద చదువులేం అక్కర్లేదు. ఒక టేపు, ఒక ఫోను, ఒక నోటుబుక్కు చాలు. గదుల కొలతలు, కిటికీలు ఏ దిక్కుకు ఉన్నాయి, నేల షాబాదు బండలా మొజాయిక్కా, చజ్జా ఎంత ముందుకు వచ్చింది, తర్వాత ఎక్కడ గోడ కొట్టేశారు, ఎక్కడ రేకులేశారు. ఇవి ఒక పక్క. ప్లాను కాగితాలు ఏ ఆఫీసు బీరువాలో ఉన్నాయో వెతకడం ఇంకో పక్క. అన్నిటికంటే తొందరపడాల్సింది మనుషుల మాట విషయంలో. రిటైరైన ఏఈ, స్లాబు వేసిన మేస్త్రి, పాత అటెండరు పోతే వాళ్లకు తెలిసింది వాళ్లతోనే పోతుంది.

2016లో సూర్యాపేట జిల్లా అయింది. శాఖలన్నీ ఒకే కప్పు కిందికి వచ్చేలా కట్టిన కలెక్టరేట్‌ను 2023 ఆగస్టు 20న ప్రారంభించారు. ప్లాను గీసినవాళ్లూ, కట్టినవాళ్లూ ఇంకా మన మధ్యే ఉన్నారు. ఇప్పుడు అడిగితే చెబుతారు. నలభై ఏళ్లాగితే చెప్పేవాళ్లు ఉండరు.

మన నేల రాయి ఆ కలెక్టరేట్‌లోనూ ఉండవచ్చు. కనీసం ఆ రాయికోసమైనా, శిలాఫలకం పక్కన ఇంకో పలక పెట్టుకుందాం. గీసినవారు, లెక్క కట్టినవారు, కట్టినవారు అని మూడే మూడు వరుసలు చాలు.