పడుకున్న సిలిండరు

పొలం గట్ల మీద పాలక్యాన్లు మోసే స్ప్లెండర్ బండికి ముత్తాత జపాన్‌లో పుట్టింది. 1956 చివర్లో సోయిచిరో హోండా, కంపెనీ వ్యాపారం చూసుకునే టకేయో ఫుజిసావా యూరప్ వెళ్లి అక్కడి మోపెడ్లూ స్కూటర్లూ చూశారు. తమ దేశానికి అవి సరిపోవనిపించింది. అప్పటి జపాన్‌లో చాలా రోడ్లకు తారే లేదు. పైగా, నూడుల్స్ డెలివరీ కుర్రాడు ఒక చేత్తో పళ్లేలు పట్టుకుని రెండో చేత్తో బండి నడపగలగాలి. అందుకే చేత్తో నొక్కే క్లచ్ తీసేసి, ఇంజను వేగాన్ని బట్టి తనంతట తానే పట్టుకునే సెంట్రిఫ్యూగల్ క్లచ్ పెట్టారు. గుంతల కోసం 17 అంగుళాల చక్రాలు వేశారు. కాళ్ల మధ్య ఖాళీ కోసం సిలిండరును దాదాపు అడ్డంగా పడుకోబెట్టారు. 1958 ఆగస్టులో వచ్చిన ఆ సూపర్ కబ్ 2017 నాటికి పది కోట్ల బళ్లయింది.

ఈ వంశం మన దగ్గరికి 1985లో సీడీ 100 రూపంలో వచ్చింది. హీరో, హోండా కంపెనీలు కలిసి హర్యానాలోని ధారుహేడాలో తయారుచేసిన బండి అది. క్లచ్ మళ్లీ చేతికొచ్చింది గానీ పడుకున్న సిలిండరు అలాగే ఉంది. అప్పట్లో మన రోడ్ల మీద రాజ్యం టూ స్ట్రోక్ బళ్లదే. వాటిలో ఆయిలు పెట్రోల్లోనే కలిసి కాలిపోతుంది, కాలని పెట్రోలు కొంత పొగతోపాటు సైలెన్సర్లోకి జారిపోతుంది, ప్లగ్‌కీ సైలెన్సర్‌కీ మసి పడుతుంది. సీడీ 100 లాంటి ఫోర్ స్ట్రోక్‌లో ఆయిలు ఇంజను అడుగునే ఉండి తిరుగుతుంటుంది. పెట్రోలు పోసి మూత వేసి మర్చిపొమ్మన్న ఆ రోజుల హీరో హోండా ప్రకటన జనానికి ఎక్కిందంటే ఈ తేడా వల్లే.

1994లో వచ్చిన స్ప్లెండర్‌దీ అదే 97.2 సీసీ. సిలిండరు బోరు 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు 49.5. స్ట్రోకు పొట్టిది కాబట్టి నిమిషానికి 5,000 చుట్లు తిరిగినా పిస్టన్ సగటు వేగం సెకనుకు ఎనిమిది మీటర్ల చిల్లర. గట్టిగా లాగితే వచ్చేది ఏడున్నర హార్స్‌పవర్. ముగ్గురెక్కితే ఘాట్ రోడ్డు మీద రెండో గేరులో మూలుగుతుంది. నన్నడిగితే దాని ఆయుష్షు రహస్యం ఆ మూలుగులోనే ఉంది. లోహాన్ని ఎప్పుడూ దాని హద్దు దాకా లాగదు.

ఇంకో చిన్న తెలివి ఉంది, బండి నడిపేవాళ్లలో చాలామందికి అది కనపడదు. ఈ ఇంజన్లో ఆయిలు కోసం మార్చాల్సిన కాగితం ఫిల్టరు లేదు. ఆయిలు ఒక తిరిగే గిన్నెలోంచి వెళ్తుంది. గిన్నె గిర్రున తిరుగుతుంటే బరువైన లోహపు రజను అంచుకు విసిరేసినట్టు అంటుకుపోతుంది, తేలికైన ఆయిలు బేరింగులకు చేరుతుంది. ఆ గిన్నెను ఎప్పుడో ఒకసారి తుడిస్తే చాలు. ఆయిలు పట్టేది లీటరు లోపే కనుక దాన్ని మార్చడం మాత్రం వాయిదా వేయకూడదు. ఈ బళ్లను చంపేది ఎక్కువగా అడుగంటిన ఆయిలే.

అరిగినా కథ అయిపోదు. అల్యూమినియం బ్యారెల్ లోపల పోత ఇనుప స్లీవు ఉంటుంది. పొగ మొదలైతే లేతు షాపులో బోరు కొట్టించి, పావు మిల్లీమీటరు పెద్ద పిస్టన్ వేయిస్తారు. అది అరిగితే ఇంకో పావు. సిలిండరు లోపల గట్టి పూత ఉన్న ఖరీదైన ఇంజన్లకు ఈ సౌకర్యం లేదు, సాధారణంగా బ్యారెల్ మొత్తం మార్చాల్సి వస్తుంది. చైన్‌ను పూర్తిగా కప్పేసే కవరు చూడ్డానికి అందంగా ఉండదు గానీ మన దుమ్ములో, బురదలో దాని విలువ తెలుస్తుంది. డ్రమ్ బ్రేకులను మాత్రం నేను మెచ్చుకోను. వాన రోజున చాలా ముందునుంచే నొక్కాలి.

హోండా, హీరో విడిపోతున్నట్టు 2010 డిసెంబరులో ప్రకటించినా ఈ ఇంజను కొనసాగింది. 2020లో బీఎస్ 6 నిబంధనలు రావడంతో కార్బరేటరు పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. పొగ తగ్గింది, పొద్దున్నే చోక్ లాగే పని తప్పింది. కానీ సెన్సరు మొరాయిస్తే స్క్రూడ్రైవరుతో కుదిరే పని కాదు, ఊరి మెకానిక్ కూడా స్కానర్ కొనుక్కోవాల్సిందే. అందుకే పదిహేనేళ్లు ఉంచుకోవాలని పాత బండి కొనేవాళ్లు ఇప్పటికీ కార్బరేటరు మోడల్ కోసం వెతుకుతుంటారు. వాళ్ల పట్టుదల నాకు అర్థమవుతుంది గానీ, పట్నంలో ఉండేవాళ్లకు కొత్తదే నయం. ఎందుకంటే మార్పంతా పెట్రోలు వచ్చే దారిలోనే. దాని వెనక పడుకున్న సిలిండరు కొలతలు ఇప్పటికీ 50, 49.5.