దువ్వెనలూ దారాలూ గోడెక్కాయి!

అమెరికా అయిదు డాలర్ల నోటు మీద అబ్రహాం లింకన్‌ బొమ్మ ఉంటుంది. ఆ నోటును చేతిలోకి తీసుకుని సూదిలో నల్లదారం ఎక్కించిందో మహిళ. లింకన్‌ తలమీద గుబురుగా, ఉంగరాలు తిరిగిన ఆఫ్రికన్‌ జుట్టు కుట్టేసింది! బానిసత్వాన్ని రద్దుచేసిన అధ్యక్షుడికి ఆ బానిసల వారసుల జుట్టన్నమాట. చూసినవాళ్లకి ముందు నవ్వొస్తుంది. ఆ తర్వాత కాసేపు మాట రాదు.

ఆమె పేరు సోన్యా క్లార్క్‌. చిన్నప్పుడు అమ్మమ్మ దగ్గర కుట్టు నేర్చుకుంది. రంగులూ కుంచెలూ కాదు... దువ్వెనలు, వెంట్రుకలు, పూసలు, దారాలు ఆమె సామగ్రి. జేబులో పెట్టుకునే నల్ల ప్లాస్టిక్‌ దువ్వెనలు 3,840 తీసుకుని, అక్కడక్కడా పళ్లు విరగ్గొట్టి, కేశసౌందర్య సాధనాల వ్యాపారంలో కోట్లు గడించిన నల్లజాతి మహిళ మేడమ్‌ సి.జె.వాకర్‌ ముఖాన్ని తయారుచేసింది. వయొలిన్‌ కమానుకి గుర్రపు వెంట్రుకల బదులు మనిషి జుట్టు కట్టించి వాయింపజేసింది. బానిసత్వం కొనసాగాలని పోరాడిన దక్షిణాది రాష్ట్రాల జెండాను ప్రేక్షకులతో కలిసి ఒక్కో పోగూ లాగుతూ విప్పించింది. గంటలకొద్దీ నిలబడి లాగినా ఊడేది కొంచెమే. అంత గట్టిగా నేశారు మరి!

ఈ సోన్యా క్లార్క్‌ కళాఖండాలతో 2021లో వాషింగ్టన్‌లో పెద్ద ప్రదర్శన జరిగింది. వేదిక... నేషనల్‌ మ్యూజియం ఆఫ్‌ విమెన్‌ ఇన్‌ ది ఆర్ట్స్‌. పేరుకు తగ్గట్టే అక్కడ గోడలమీదున్నవన్నీ మహిళలు చేసినవే. దాని సంగతి తెలుసుకోవాలంటే ముందు ఆ భవనం కథ వినాలి.

మగవాళ్ల మేడలో...

1908లో కట్టిన ఆ మేడ ఫ్రీమేసన్లది. అంటే మగవాళ్లకి తప్ప ఆడవాళ్లకి సభ్యత్వమే ఇవ్వని సంఘం. తర్వాత కొన్నాళ్లు అందులో సినిమాహాలూ నడిచింది. 1983లో దాన్ని కొని బాగుచేయించి, 1987లో మహిళల మ్యూజియంగా తలుపులు తెరిచింది విల్‌హెల్మీనా కోల్‌ హాలడే. ఆమె చిత్రకారిణి కాదు, బొమ్మలు సేకరించే వ్యక్తి.

భర్త వాలెస్‌తో కలిసి యూరప్‌ వెళ్లినప్పుడు అక్కడి మ్యూజియాల్లో క్లారా పీటర్స్‌ అనే పదిహేడో శతాబ్దపు చిత్రకారిణి బొమ్మలు చూసిందామె. జున్ను, చేపలు, పూలు, వెండి సామాను... వాటి మెరుపులో ఎక్కడో చిన్నగా తన ముఖాన్నే గీసుకుని పెట్టే చమత్కారి ఆ క్లారా. ఎవరీమె అని ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేస్తే ఎక్కడా పేరే లేదు. అప్పట్లో అమెరికా కాలేజీల్లో కళాచరిత్ర అంటే జాన్సన్‌ రాసిన పుస్తకమే. 1962లో వచ్చిన ఆ పుస్తకంలో క్లారానే కాదు, ఒక్క చిత్రకారిణి పేరు కూడా లేదు! ఆ దంపతులు మహిళల బొమ్మలు కొనడం మొదలెట్టింది అప్పటినుంచే. విల్‌హెల్మీనా 2021 మార్చిలో 98వ ఏట కన్నుమూసింది.

ఒకసారి దారం... ఒకసారి కాగితం

ఈ మ్యూజియంలో గమ్మత్తయిన ప్రదర్శనలు చూడాలంటే మూడేళ్లకోసారి అటూఇటూగా జరిగే ‘విమెన్‌ టు వాచ్‌’కి వెళ్లాలి. ఒక్కో విడతకి ఒక్కో వస్తువునో అంశాన్నో ఎంచుకుంటారు. అమెరికాలోని రాష్ట్రాల్లోనూ వేరే దేశాల్లోనూ ఉన్న కమిటీలు స్థానికంగా ఇంకా పెద్ద పేరు రాని కళాకారిణుల్ని వెతికి పంపిస్తాయి. వాళ్లలోంచి కమిటీకొకరిని మ్యూజియం ఎంపికచేస్తుంది.

2012లో వంతు దారానిది. ఇనుప స్టూళ్లకి చిల్లులు పెట్టి వాటిమీద అచ్చం గుడ్డమీద వేసినట్టే క్రాస్‌స్టిచ్‌ కుట్టేసిందొకరు. ఉన్ని గుడ్డతో బుల్లి బుల్లి ఇళ్లు కట్టిందింకొకరు.

2018లో లోహం. కొలిమీ సమ్మెటా మగవాళ్ల పని అనుకునేవాళ్లకి జవాబులాంటి ప్రదర్శన అది. ఇరవైమంది పాల్గొన్నారు. ఒకరు పిచ్చిమొక్కల్ని ఆకూ ముల్లూ పోకుండా కంచులో పోతపోశారు. ఇంకొకరు టిన్నులు తెరిచేటప్పుడు ఊడొచ్చే రింగుల్ని పోగేసి శిల్పంగా మార్చారు. కాలిఫోర్నియాకు చెందిన కేథరిన్‌ వెట్నీ అయితే ఇళ్లలో షోకేసుల్లో అపురూపంగా దాచుకునే గాజు సామాను కరిగించి, వెండిపూత పూసి, అద్దంలా మెరిసే ముద్దలుగా మార్చేసింది. వాడకుండా దాచి, ఏడాదికోసారి తుడిచిపెట్టే ఆ గాజుగిన్నెలు ఏ దేశపు ఇల్లాలికైనా తెలిసినవేగా!

2020లో కాగితం. జోలీ లివొడే తన వాళ్లందరి ఫొటోలనూ పల్చటి కాగితం మీద ముద్రించి, మడతపెట్టి పెంకుపురుగులు చేసింది. గోడనిండా గుంపులుగా పాకుతున్నట్టు వాటిని గుచ్చింది. దగ్గరికెళ్తేగానీ ఆ రెక్కలమీద మనుషులున్నారని తెలియదు. ఆరిజోనాకి చెందిన యానీ లోపెజ్‌ది మరో దారి. పొట్టిక్కలకి మనం పనసాకులు వాడినట్టు మెక్సికన్ల ఇళ్లలో మొక్కజొన్న పిండిని చుట్టి ఆవిరికి పెడతారు, టమాలే అంటారు. అందుకు వాడే కాగితం మీద కుటుంబం జ్ఞాపకాలను నీలిరంగులో ముద్రించి, దాంతో నిండు గౌన్లు కుట్టిందామె. జిప్పుతో సహా!

ఇలాంటి సరదాల మధ్య ఉన్నట్టుండి ఉలిక్కిపడేలా చేసేవీ ఉంటాయి. 2018లోనే జరిగిన ‘విమెన్‌ హౌస్‌’ ప్రదర్శన అలాంటిది. పెళ్లి కేకునే గౌనుగా తొడుక్కున్న పెళ్లికూతురు, ఆడవాళ్ల కాళ్లతో నడిచొచ్చే బొమ్మరిల్లు... అన్నీ ఇల్లూ ఇల్లాలి సంగతులే. దీనికి మూలం 1972లో లాస్‌ఏంజెలిస్‌లో జరిగింది. జూడీ చికాగో, మిరియమ్‌ షపీరో అనే ఇద్దరు టీచర్లు తమ విద్యార్థినులతో కలిసి పాడుబడ్డ బంగళాలో గదిగదినీ కళాఖండంగా మార్చి ‘వుమన్‌హౌస్‌’ అని పేరుపెట్టారు. అందులో దుప్పట్ల బీరువా అరల మధ్య ఇరుక్కుపోయి, ఒక కాలు మాత్రం బయటపెట్టిన ఆడబొమ్మ ఒకటి. మరో గదిలో ఫెయిత్‌ వైల్డింగ్‌ క్రోషేతో అల్లిన పెద్ద సాలెగూడు.

అల్లిక ఎవరిది... పేరెవరిది?

క్రోషే అనగానే తెలుగువాళ్లకి నర్సాపురం గుర్తురావాలి. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక గోదావరి పల్లెల్లో ఇంటింటి పనయింది. అక్కడి అరుగుల మీద అల్లిన బల్లగుడ్డలు విదేశాలకి వెళ్లాయి. జర్మన్‌ సామాజికవేత్త మారియా మీస్‌ వచ్చి, ఆ మహిళల మధ్య తిరిగి 1982లో పుస్తకం రాసింది. రోజూ గంటలకొద్దీ అల్లుతున్నా వాళ్లని కార్మికులని ఎవరూ అనడంలేదు, ‘ఇంట్లో ఖాళీగా ఉండి అల్లుకుంటున్నారు’ అంటున్నారు, కూలి కూడా ఆ లెక్కనే ఇస్తున్నారు అన్నది ఆమె గమనించిన సంగతి. నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది 2024లో!

కాన్వాసు మీద రంగు వేస్తే కళ, గుడ్డమీద దారం వేస్తే కాలక్షేపం. వాషింగ్టన్‌ మ్యూజియం పోట్లాట ఈ లెక్కతోనే. అయితే దానికీ విమర్శలు తప్పలేదు. రైల్లో ఆడవాళ్ల పెట్టెలా మహిళలకి వేరే మ్యూజియమేంటి, అందరితో పాటు పెద్ద మ్యూజియాల్లోనే చోటివ్వాలి కదా అని ప్రారంభించిన రోజుల్లోనే చాలామంది అడిగారు. వాళ్లలో స్త్రీవాదులూ ఉన్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ 2008 నుంచి 2020 వరకూ అమెరికాలోని 31 మ్యూజియాలు సేకరించిన వాటి లెక్కతీస్తే, మహిళలవి 11 శాతమేనని 2022లో వచ్చిన బర్న్స్‌ హాల్‌పెరిన్‌ నివేదిక తేల్చింది. మామూలు పెట్టెల్లో ఇంకా సీటు దొరకడంలేదన్నమాట.

రెండేళ్ల మరమ్మతుల తర్వాత 2023 అక్టోబరులో మ్యూజియం మళ్లీ తెరిచారు. పైకప్పు నుంచి వేలాడే శిల్పాలతో తొలి ప్రదర్శన పెట్టారు. అందులో పోర్చుగల్‌ కళాకారిణి జొవానా వాస్కొన్సెలోస్‌ చేసిన ఎర్రటి షాండ్లియర్‌ ఒకటి. ఇటలీలోని మురానో గాజుకి ఉన్నితో అల్లిన క్రోషే తొడుగులు, మధ్యమధ్యలో వెలిగే లైట్లు. ఒకప్పుడు ఆడవాళ్లకి సభ్యత్వంలేని మేడలో జనమంతా తలెత్తి చూశారు ఆ అల్లికని.