తొలి ఎత్తుల్లోనే ఆటకట్టు

చదరంగంలో పాచికలు లేవు. అదృష్టానికి చోటు లేదు. అరవైనాలుగు గడుల బల్లపై ఇరుపక్షాలకూ పదహారేసి పావులు సమానంగా ఉంటాయి. ఎదుటివారి బలగమంతా కంటికి కనిపిస్తూనే ఉంటుంది. అయినప్పటికీ ఎందరో ఆటగాళ్లు పది ఎత్తులైనా నిండకముందే ఓటమి పాలవుతూ ఉంటారు. దాచడానికేమీ లేని ఆటలో ఉచ్చు ఎలా పన్నగలరు? చదరంగం నేర్చుకొనే ప్రతి ఒక్కరూ ఆలోచించవలసిన ప్రశ్న ఇది.

దీనికి మొదటి కారణం ఆట ఆరంభంలో పావులు నిలిచే తీరులోనే ఉంది. రాజు చుట్టూ సొంత పావులే గోడలా నిలుస్తాయి. ఆ గోడ రక్షణగా కనిపించినా, ఆపద వచ్చినప్పుడు రాజు తప్పించుకోవడానికి దారి లేకుండా చేస్తుంది. పైగా రాజు వైపున్న శకటు ముందు నిలిచే బంటును రాజు తప్ప మరే పావూ కాపాడదు. ఎదుటిపక్షపు మంత్రి, శకటు కలిసి ఆ ఒక్క బంటుపై గురి పెడితే, ఆదమరచిన ఆటగాడి ఆట నాలుగో ఎత్తులోనే కట్టవుతుంది. కొత్తగా నేర్చుకొనేవారిలో చాలామంది మొదట ఓడిపోయేది ఈ విధంగానే.

ఇంతకంటె సూక్ష్మమైన ఉచ్చు ‘లెగాల్ ఆటకట్టు’. 18వ శతాబ్దంలో పారిస్ నగరంలోని ‘కెఫె ద లా రెజాన్స్’ అనే కాఫీశాల చదరంగ క్రీడాకారులకు కూడలిగా ఉండేది. అక్కడి మేటి ఆటగాళ్లలో ఒకడైన లెగాల్, తరువాతి కాలంలో ఎంతో కీర్తి గడించిన ఫిలిడోర్‌కు గురువు. ఆయన పేరుమీదుగానే ఈ ఉచ్చు ప్రసిద్ధికెక్కింది.

ఇందులో నల్లపక్షం తన శకటును ముందుకు పంపి తెల్ల గుర్రంపై గురి పెడుతుంది. ఆ గుర్రం కదిలితే వెనుకనున్న మంత్రి శకటుకు చిక్కుతాడు. కనుక గుర్రం కదలదని నల్లపక్షం నిశ్చింతగా ఉంటుంది. కాని తెల్లపక్షం ఐదో ఎత్తులో ఆ గుర్రంతోనే నడిమి బంటును చంపుతుంది. మంత్రి దిక్కులేకుండా నిలిచినట్లు కనబడతాడు. నల్లపక్షం ఆశపడి మంత్రిని చంపగానే, తెల్ల శకటు పైన చెప్పిన బలహీనమైన బంటును చంపి రాజుకు చెక్ చెబుతుంది. ఆ శకటుకు గుర్రం కాపు ఉన్నందున రాజు దానిని చంపలేడు. ముందున్న గడిలోకి జరగడం తప్ప వేరే దారి ఉండదు. అప్పుడు రెండో గుర్రం దూకి ఏడో ఎత్తులో ఆట కట్టిస్తుంది. మంత్రిని పోగొట్టుకొన్న పక్షమే గెలుస్తుంది.

ఇక్కడ గమనింపదగిన విషయం ఒకటుంది. నల్లపక్షం మంత్రిని విడిచి, తన బంటును చంపిన గుర్రాన్నే చంపి ఉంటే నష్టం ఒక్క బంటుతో పోయేది. ఆట ఇంకా ఎంతో మిగిలి ఉండేది. చిన్న నష్టాన్ని సహించలేక పెద్ద లాభానికి చేయి చాచడమే కొంప ముంచింది. ఉచ్చు పన్నినవారికీ ప్రమాదం లేకపోలేదు. నల్ల గుర్రం ఒకటి ముందే బయటికి వచ్చి ఆ నడిమి బంటును కాస్తూ ఉంటే, ఇదే ఎత్తు వేసిన తెల్లపక్షం ఒక్క బంటు కోసం గుర్రాన్ని పోగొట్టుకొంటుంది. ఎత్తుకు పైఎత్తు ఉంటుందన్న మాట ఊరకే పుట్టలేదు.

ఆశ లేకపోయినా ఉచ్చులో పడవచ్చుననడానికి విశ్వనాథన్ ఆనంద్ ఆడిన ఒక ఆట ఉదాహరణ. భారతదేశపు తొలి గ్రాండ్‌మాస్టర్ అయిన 1988వ సంవత్సరంలోనే, పద్దెనిమిదేళ్ల ఆనంద్ స్విట్జర్లాండ్‌లోని బీల్ పట్టణంలో కొలంబియాకు చెందిన అలోన్సో జపాటాతో నల్లపావులతో తలపడ్డాడు. ఐదో ఎత్తులో ఆనంద్ శకటును బయటికి తెచ్చాడు. జపాటా తన మంత్రిని ఒక్క గడి ముందుకు, రాజుకు ఎదురుగా జరిపాడు. అంతటితో ఆనంద్ ఓటమిని అంగీకరించాడు.

ఆ ఎత్తులోని బలమేమిటి? ఆనంద్ గుర్రం బల్ల నడుమ, తన రాజుకూ తెల్ల మంత్రికీ మధ్య చిక్కుకొంది. అది కదిలితే రాజుకు చెక్ తగులుతుంది కనుక కదలరాదు. కదలని గుర్రాన్ని మరుసటి ఎత్తులో ఒక బంటు వచ్చి చంపజూస్తుంది. నల్ల మంత్రిని అడ్డుపెట్టి గుర్రాన్ని విడిపించుకోబోతే, తెల్ల గుర్రం దూకి ఆ మంత్రినే బెదిరిస్తుంది. ఏ విధంగా చూసినా ఒక పావు నష్టం తప్పదు.

శకటును బయటికి తెచ్చిన ఆ ఎత్తు ఆనంద్ సొంతంగా కనిపెట్టినది కాదు. 1987లో టోనీ మైల్స్, లారీ క్రిస్టియాన్‌సెన్ అనే గ్రాండ్‌మాస్టర్ల ఆటలో అదే ఎత్తు పడింది. తెల్లపావులతో ఆడిన మైల్స్ మంత్రిని కదపకపోవడంతో ఆ ఆట సమంగా ముగిసింది. అచ్చులో వచ్చిన ఆ ఆటను ఆనంద్ నమ్మాడు. పెద్దలు ఆడినదైనా, పుస్తకంలో ఉన్నదైనా, ఎదుటివారి జవాబును మనం స్వయంగా పరిశీలించనంతవరకు ఆ ఎత్తు మనది కాదని ఈ ఆట తెలియజేస్తుంది.

ఉచ్చులను తప్పించుకోవడానికి వాటినన్నింటినీ కంఠస్థం చేయనక్కరలేదు. ముందుగా గుర్రాలను, శకటులను బయటికి తేవాలి. రాజును వీలైనంత త్వరగా కోట కట్టి భద్రపరచాలి. మంత్రిని తొందరపడి ముందుకు పంపరాదు. అన్నింటికంటె ముఖ్యంగా, పావును ముట్టుకొనే ముందు ‘ఈ ఎత్తుకు ఎదుటివారు వేయగల అత్యంత కఠినమైన జవాబు ఏది?’ అని ప్రశ్నించుకోవాలి. ఎదుటివారు విలువైన పావును ఉచితంగా ఇస్తున్నట్లు తోచినప్పుడు ఈ ప్రశ్నను రెండుసార్లు వేసుకోవాలి.

బీల్‌లో ఆరు ఎత్తులకే ఓడిన ఆనంద్ 2000లో ప్రపంచ విజేత అయ్యాడు. మొత్తం ఐదుసార్లు ఆ కిరీటాన్ని గెలుచుకొన్నాడు. ఉచ్చులో పడినంత మాత్రాన ఆటగాడికి మచ్చ రాదు. ఓడిన ఆటను మళ్లీ బల్లపై పరచి, ఏ ఎత్తులో ఆలోచన మానివేశామో వెదికి తెలుసుకొన్నవారు అదే ఉచ్చులో రెండోసారి చిక్కుకోరు.