మెరిట్ ఏ క్రోమోజోముపై ఉంది?

కణ, అణు జీవశాస్త్రంలో ఎమ్మెస్సీ చదవడానికి విశ్వవిద్యాలయంలో చేరిన మొదటి వారంలో ఒక అధ్యాపకుడు నా ర్యాంకు ఎంతని అడిగారు. చెప్పాను. ‘ఏ కేటగిరీ?’ అన్నది రెండో ప్రశ్న. అదీ చెప్పాను. మూడో ప్రశ్న రాలేదు. ప్రయోగశాలలో జట్లు కట్టినప్పుడు, కణాలను పెంచే గదిలోకి ముందు వెళ్లే జట్టులో నా పేరు లేదు. గాజు సామాను కడిగి ఆటోక్లేవ్‌లో పెట్టే పని మాత్రం తరచుగా నా వంతుకే వచ్చేది.

నేను తోలుపని చేసే ఇంటి బిడ్డను. తంగేడు చెక్క నానబెట్టిన లందలో తోలు ఎప్పుడు పదునెక్కిందో మా నాన్న వేలితో తాకి, వాసన చూసి చెప్పేవారు. తంగేడులోని టానిన్లు తోలులోని కొల్లాజెన్ అనే ప్రోటీన్‌ను గట్టిగా పట్టి ఉంచుతాయని నాకు తరగతిలో తెలిసింది. మా ఇంటి వెనుక జరిగింది ప్రోటీన్ రసాయనశాస్త్రమే. దానిని ఎవరూ విద్య అనలేదు.

అణు జీవశాస్త్రం కూడా చాలావరకు చేతిపనే. ఒక మైక్రోలీటరు, అంటే మిల్లీలీటరులో వెయ్యో వంతు, తేడా లేకుండా తీయడం పుస్తకం చదివితే రాదు. వందసార్లు చేస్తే వస్తుంది. ఆ వందసార్లు ఎవరికి దక్కుతాయన్నదే అసలు ప్రశ్న. పీసీఆర్ యంత్రం ముందు వంతు దొరకని విద్యార్థికి ఏడాది చివర ‘చేయి తిరగలేదు’ అంటూ మార్కులు తగ్గించి, ఆ తేడాకే మెరిట్ అని పేరు పెడుతున్నారు.

‘తెలివి జన్యువుల్లో ఉంటుందయ్యా’ అని మౌఖిక పరీక్ష ముగిశాక ఒకరు నాతో అన్నారు. నేను చదివిన శాస్త్రం కులం గురించి చెప్పిన సంగతి వేరు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు అమెరికా పరిశోధకులతో కలిసి 2009లోనూ, 2013లోనూ ప్రచురించిన అధ్యయనాల ప్రకారం నేటి భారతీయ సమూహాల్లో అత్యధికం రెండు ప్రాచీన జనసముదాయాల కలయిక. సుమారు 4,200 ఏళ్ల నుంచి 1,900 ఏళ్ల కిందటి వరకు ఆ కలయిక విరివిగా సాగింది. తర్వాత తలుపులు మూసుకున్నాయి. పెళ్లి సొంత సమూహానికే పరిమితమైంది. మన జన్యువుల్లో కులం వదిలిన ముద్ర అదే. కులానికి సారం అంతర్వివాహమని అంబేడ్కర్ 1916లోనే, కొలంబియాలో సమర్పించిన పత్రంలో తేల్చారు. అప్పటికి డీఎన్ఏ నిర్మాణం వెల్లడికావడానికి ఇంకా 37 ఏళ్లుంది.

ఆ మూసివేతకు మూల్యం అణచివేసిన వారూ చెల్లిస్తున్నారు. 2017 నాటి మరో అధ్యయనం దక్షిణాసియాలోని 263 సమూహాలను పరిశీలించింది. కొద్దిమంది పూర్వీకుల నుంచే విస్తరించిన ఛాయలు వాటిలో 81 సమూహాల్లో చాలా బలంగా కనిపించాయి. ఇలాంటి చోట అరుదైన వంశపారంపర్య జబ్బులు పెరుగుతాయి. మన వైశ్యులలో కొందరికి శస్త్రచికిత్సలో ఇచ్చే ఒక కండరాల సడలింపు మందు ప్రభావం ప్రమాదకరంగా ఎక్కువసేపు నిలవడానికి కారణం ఇలాంటి జన్యులోపమే.

నేడు నేనొక డిగ్రీ కళాశాలలో ఇదే పాఠం చెబుతున్నాను. మా ప్రయోగశాల తలుపు మీద వంతుల పట్టిక వేలాడుతుంది. యంత్రం ముట్టడానికీ వంతే, గాజు సామాను కడగడానికీ వంతే. విశ్వవిద్యాలయాలు కూడా ఏ విద్యార్థి ఏ పరికరంపై ఎన్ని గంటలు పనిచేశారో నమోదు చేయాలి. మౌఖిక పరీక్షకు బయటి పరీక్షకులను పిలవాలి. గైడ్‌ను కేటాయించేటప్పుడు కేటగిరీ అడగరాదు. రిజర్వేషన్ మా పిల్లలను ప్రయోగశాల గుమ్మం దాకా తెచ్చింది. గుమ్మం నుంచి యంత్రం దాకా ఉన్న ఆ పది అడుగుల దూరానికి జవాబు చెప్పవలసింది అధ్యాపకులమైన మేమే.