బొడ్డులోంచి లోపలికెళ్లే పచ్చసొన

అన్నవరం నుంచి ఒక పాఠకురాలు అడిగారు: “హైదరాబాద్‌లో వనరాజా జాతి కోడిపిల్లలు వందకి ఆర్డరిచ్చామండీ. రాత్రంతా మేతా నీళ్లూ లేకుండా అట్టపెట్టెలో వస్తాయట. బతుకుతాయంటారా?”

బతుకుతాయి. ఎలా బతుకుతాయన్నదే నాకు ఎంత చదివినా తనివి తీరని సంగతి.

గుడ్డు పిల్ల కావడానికి 21 రోజులు. 19వ రోజుకి కాళ్లు, ముక్కు, నూగు అన్నీ వచ్చేస్తాయి కానీ పచ్చసొన తిత్తి ఇంకా పొట్ట బయటే ఉంటుంది. పెంకు పగిలే ముందు పిల్ల ఆ తిత్తిని బొడ్డులోంచి పొట్టలోకి లాగేసుకుంటుంది. వెనకాలే బొడ్డు మూసుకుంటుంది. 40 గ్రాముల పిల్లలో ఐదారు గ్రాములు ఈ సొనే! అందులో కొవ్వు, మాంసకృత్తులు, తల్లి దాచిపెట్టిన యాంటీబాడీలు ఉంటాయి. అది ఒంటికి రెండు దారుల్లో అందుతుంది: తిత్తి గోడల్లోంచి నేరుగా రక్తంలోకి, సన్నటి కాడ గుండా పేగులోకి. ఈ రెండు దారులనూ 1996లో నోయ్, ఉని, స్క్లాన్ అనే ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు పరిశీలించి చూపించారు.

ఈ సొన దగ్గర మహామహులే తడబడ్డారు. పిల్లకి పాలు తెల్లసొనేనన్నాడు గ్రీకు తత్వవేత్త అల్క్‌మయాన్. కాదు, పచ్చసొనే ఆహారమని అరిస్టాటిల్ సరిదిద్దాడు. కానీ పిల్ల తయారయ్యేది తెల్లసొనలోంచేనని తానూ పొరబడ్డాడు. సొనకి రెండు వైపులా ఉండే తెల్లటి మెలికల తాళ్లే పిల్లవుతాయన్నాడు ఇటలీ పండితుడు ఫాబ్రీసియస్. చివరికి ఆయన శిష్యుడు హార్వే 1651లో, పచ్చసొన మీద కనిపించే చిన్న తెల్లమచ్చే పిల్లకి మొదలని తేల్చాడు.

ఈ సొన బలంతోనే 1918 నుంచి అమెరికాలో కోడిపిల్లలు పోస్టులో ప్రయాణిస్తున్నాయి, పెంకు పగిలిన 72 గంటల్లో చేరాలన్న లెక్క మీద. ఆ 72 గంటల మాటను అమ్మేవాళ్లు హామీలా చెప్పడమే నాకు నచ్చదు. ఒకే ట్రేలో మొదటి పిల్లకీ చివరి పిల్లకీ మధ్య ఒక రోజు పైగా తేడా ఉంటుంది. పెట్టె కట్టేసరికే కొన్ని పిల్లల గడువులో మూడో వంతు అయిపోతుంది. పైగా కడుపులో సొన ఉంది కదా అని మేత ఆలస్యం చేయడం తప్పు. తిన్న పిల్లే సొనను త్వరగా వాడుకుంటుంది, ఎందుకంటే మేత పడి పేగు కదిలితే సొన కూడా పేగులోకి దిగుతుంది.

అందుకని పిల్లలు ఎప్పుడు చేరతాయని కాదు, ఎప్పుడు పెంకు పగిలి బయటికొచ్చాయో అడగండి. మారెక్స్ వ్యాధి రాకుండా టీకా వేశారో లేదో కూడా అడగండి. బొడ్డు తడిగా, ఎర్రగా ఉన్నవాటిని విడిగా ఉంచండి. ఊక పరిచిన చోట బల్బు కింద పిల్లల ఎత్తులో 35 డిగ్రీల దాకా వేడి ఉండాలి. దించగానే ఒక్కొక్కదాని ముక్కు నీళ్లలో ముంచి, కాగితం మీద మొక్కజొన్న రవ్వ చల్లండి.