బాణపు ములికి బరువు

విలువిద్య అనగానే మనకు మత్స్యయంత్రమును కొట్టిన అర్జునుడు జ్ఞప్తికి వచ్చును. గురి, చేతిబలము, గురుభక్తి, ఇవియే అందులో ముఖ్యములని వినుచు పెరిగినవారము. బాణపు కొననుండు ములికి ఎంత తూగవలెనో నాకు చెప్పినవారెవ్వరును లేరు. అది తెలియనందున నేను తెచ్చుకొన్న ప్రమాదమును మొదట మనవి చేసెదను.

నాయొద్ద ఒక వెదురువిల్లు కలదు. దానిని నిండుగా లాగుటకు 40 పౌనుల, అనగా సుమారు 18 కిలోల, బలము కావలెను. ఒక దసరా సెలవులలో ఊరి పిల్లలకు విలువిద్య నేర్పుదమని పూనుకొంటిని. పాత ములుకులు త్రుప్పు పట్టి యుండెను. ములికి ఎంత బరువైన బాణమంత సూటిగా పోవునని తలచి, మా కమ్మరిచేత లావుపాటి ఇనుప ములుకులు పండ్రెండు చేయించితిని. గడ్డిమోపును గురిగా నిలిపి 20 గజముల దూరమునుండి కొట్టితిని. బాణము మోపును తాకక కుడికి తొలగి, పశువులపాక గుంజలో దిగబడినది. ఆ గుంజకు దూడను కట్టుచున్న పిల్లవానికిని బాణమునకును జానెడు ఎడము మాత్రమే యుండెను. ఆ విల్లు నాడే అటకెక్కినది.

నా చేయి వణకినదని కొన్ని మాసములు నన్ను నేను నిందించుకొంటిని. తుదకు ములుకులను తీసికొని కమ్మరియొద్దకు పోతిని. అతడు, “బాబుగారూ, ఇవి కంటితో చూచి సాగగొట్టినవే కాని త్రాసులో తూచినవి కావు” అనెను. సత్యము చెప్పినాడు. తూచుమని నేను చెప్పనేలేదు.

ఇంటికి వచ్చి తూచితిని. ములుకుల బరువును గ్రెయినులలో లెక్కించుట వాడుక. మనకు దీనికి మంచి సదుపాయమున్నది. పాత వెండి రూపాయి సరిగా ఒక తులము, అనగా 180 గ్రెయినులు. వెండి అర్ధరూపాయి 90, పావలా 45, బేడ ఇరువదిరెండున్నర. మీ పెట్టెలలో అట్టివి నాలుగున్నచో వేఱు పడికట్లు అక్కఱలేదు. అయితే బేడ వెండిదే కావలెను. 1918 మొదలు వచ్చిన నికెలు బేడ బరువు వేఱు. మిక్కిలి అరిగిన నాణెమును గూడ నమ్మరాదు. ఇట్లు తూచగా పాత ములుకులు ఇంచుమించుగా అర్ధరూపాయియు బేడయు తూగినవి. క్రొత్తవానిలో తేలికైనది ముప్పావు రూపాయి, బరువైనది రూపాయికి పైమాట! ఒకే చేత విడిచిన బాణములు ఒక్కొక్కటి ఒక్కొక్క త్రోవ పట్టుటలో వింత యేమున్నది?

ఇక కుడికే ఎందుకు తొలగెనో చెప్పెదను. నారి బాణమును వెనుకనుండి త్రోయును. ముందున్న ములికి కదలక మొరాయించును. నడుమ చిక్కిన కోల విల్లువలె వంగును. సన్నని వేపపుల్లను రెండు కొనల నొక్కి చూడుడు, అట్లే వంగును. వంగిన కోల మరల సాగుచు, అటునిటు ఊగుచు, వింటి కఱ్ఱను ఒరసికొనకుండ చుట్టి ముందునకు పోవును. 1930 తరువాత అమెరికాలో హిక్‌మన్ మొదలగువారు మిక్కిలి వేగముగా పటములు తీయు యంత్రములతో దీనిని కన్నులకు కట్టించిరి. ఈ వంపు మితముగా నున్నప్పుడే బాణము గురివైపు తిరుగును. ములికి బరువెక్కిన కొలది కోల ఎక్కువ వంగును. అనగా బిఱుసు కోలయైనను మెత్తనిదానివలె నడచును. ములికి తేలికైనచో మెత్తని కోలయు బిఱుసుగా నడచును. కోలను పొట్టిచేసినను బిఱుసెక్కును.

విల్లును ఎడమచేత పట్టి, బాణమును వింటికి ఎడమప్రక్క ఆనించి, వ్రేళ్లతో నారిని లాగువానికి మెత్తని బాణము కుడికిని, బిఱుసుది ఎడమకును పోవును. బొటనవ్రేలితో లాగువారు బాణమును కుడిప్రక్క ఆనింతురు గనుక వారికిది తలక్రిందగును. ఏకలవ్యుని కథలో బొటనవ్రేలికి అంత విలువ వచ్చుటకు ఈ లాగుడే కారణమేమో యని నాకు తోచును.

సరియైన బరువును కనుగొను ఉపాయము తేలిక. ఒకే నిడివి, ఒకే ములికి బరువు గల బాణములు నాలుగు తీసికొని, ఒకదానికి ఈకలు కట్టక విడిచిపెట్టవలెను. ఈకలు వెనుకనుండి చుక్కానివలె తప్పును దిద్దును. బోడికోల తప్పును దాచలేదు. 10 గజములనుండి మొదట ఈకల బాణములు మూడును, పిదప బోడిదియు విడువుడు. బోడిది మిగిలినవానికి కుడిగా నాటినచో ములికి తగ్గవలెను; ఎడమగా నాటినచో పెరుగవలెను. ఒక్కసారి బేడయెత్తు కంటె ఎక్కువ మార్చరాదు. ములికిని లక్కతో అతికించుకొన్నవారికి పని సుళువు. సెగ చూపిన లక్క కరగి ములికి ఊడివచ్చును. తగ్గించుటకు ఆకురాయి, పెంచుటకు ములికి గొట్టములో చిన్న సీసపు ముక్క చాలును. ఒక్క దెబ్బను నమ్మక, పదిమార్లు చూచిన పిమ్మట మార్చుడు. చేతి తప్పు ఒకప్పుడు ఎడమకు, ఒకప్పుడు కుడికి పోవును. ములికి తప్పు ఎప్పుడును ఒకే వైపునకు పోవును. ఈ తేడా తెలియకయే నేను నా చేతిని నిందించుకొన్నది.

అట్లని ములికిని మితిమీరి తేలిక చేయరాదు. బాణము మొత్తము బరువు వింటి బలములో పౌనుకు 8 మొదలు 10 గ్రెయినులుండుట కొయ్యవిండ్లకు క్షేమము. నా 40 పౌనుల వింటికి 320 మొదలు 400, అనగా ఇంచుమించు రెండు వెండి రూపాయల ఎత్తు. బాణము మిక్కిలి తేలికైనచో వింటి బలము దానిలోనికి పోక వింటిలోనే నిలిచి కఱ్ఱను చీల్చును. బాణము లేక వట్టి నారి విడిచినను ఇదే కీడు. పిల్లలు సరదాకు వట్టి నారి లాగి విడుతురు. పెద్దలు దానిని తప్పక వారింపవలెను.

బాణమును వ్రేలిపై నిలిపి తూకము చూచుటయు మంచిది. నా కోల 28 అంగుళములు, మూరన్నరకు ఒక అంగుళము ఎక్కువ. నడిమి 14వ అంగుళము. నారి ఆను గంటునుండి కొలువగా ఇది 17వ అంగుళమున నిలిచినది. ముందునకు మూడంగుళములు, నూటికి 10 పాళ్లకు కొంచెము పైన. 10 మొదలు 15 వఱకు నున్న బాణము స్థిరముగా పోవును.

నల్లమల చెంచులును, గోదావరి మన్యపు కోయలును ఈ లెక్కలు వ్రాసికొనకయే తరతరములుగా బాణములు కట్టినవారు. కోలను చేత వంచి చూచి ములికి నెన్నుకొను నేర్పు పుస్తకములకంటె పాతది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిమ్మట మృగములపై బాణము వేయుట నేరము గనుక, నేను చెప్పునదంతయు గడ్డిమోపు గురికే.

నా ములుకులు తుదకు అర్ధరూపాయియు బేడయు నెత్తునకే వచ్చి నిలిచినవి. అనగా పాతవే సరియైనవి. వానికి కావలసినది త్రుప్పు గీయుట మాత్రమే! ఇప్పుడు గురి వెనుక మట్టికట్ట వేయించితిని, పశువులపాక వైపునకు విల్లు త్రిప్పనీయను. ఆనాడు దూడను కట్టుచుండిన పిల్లవాడే నా త్రాసు పట్టి అందఱి ములుకులును తూచుచున్నాడు. నాణెములను మాత్రము సాయంకాలము లెక్కపెట్టి నేనే తిరిగి పుచ్చుకొనుచున్నాను.