పెద్ద టైర్లకు తగిన మడ్‌గార్డులు

వానాకాలంలో వెనుక మడ్‌గార్డు లేని సైకిలు తొక్కినవాని చొక్కా వీపుమీద బురదచారలు పడతాయి. తిరిగే చక్రానికి అంటిన బురద దాని అంచునుండి స్పర్శరేఖ దిశలో ఎగిరిపోవడమే దీనికి కారణం. ఆ బురదను అడ్డుకోవడం మడ్‌గార్డు పని. మోటారు వాహనాల మడ్‌గార్డును అమెరికాలో ఫెండర్ అంటారు. రోడ్డులేని కొండదారులలో నడిచే జీపుకు పెద్ద టైర్లు బిగించినప్పుడు ఈ రేకే చిక్కు తెచ్చిపెడుతుంది. టైరు దాని అంచుకు రాసుకుంటే రబ్బరు తెగిపోవచ్చును. మలుపులో తగులుకొని చక్రం తిరగకపోతే ప్రాణాపాయమే.

టైరు ఎంత పెరిగినట్లు?

2007లో వచ్చిన జీప్ రాంగ్లర్ రూబికన్‌ను ఉదాహరణగా తీసుకొనవచ్చును. దాని టైరుపై 255/75 ఆర్ 17 అని వుంటుంది. ఇందులో 255 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. టైరు పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 75 శాతం, అనగా 191 మి.మీ. రిమ్ము వ్యాసం 17 అంగుళాలు, అనగా 432 మి.మీ. రిమ్ముకు పైన ఒక పక్కగోడ, కింద ఒక పక్కగోడ కలిపితే టైరు మొత్తం వ్యాసం 814 మి.మీ. అవుతుంది. దీనికి బదులు 315/70 ఆర్ 17 టైరు వేస్తే, అదే లెక్కన వ్యాసం 873 మి.మీ.

వ్యాసార్ధం సుమారు 3 సెం.మీ. పెరిగినది. కనుక ఇరుసు నేలనుండి 3 సెం.మీ. పైకి లేస్తుంది. దారిలోని రాళ్లు ఇరుసుకు తగలకుండా పోతాయి. పెద్ద టైర్లు వేయడంలో ఉద్దేశం ఇదే. కాని ఇరుసుకు పైన కూడా టైరు 3 సెం.మీ. పెరిగినందువల్ల మడ్‌గార్డుకు, టైరుకు మధ్య సందు అంతమేరకు తగ్గిపోతుంది. వెడల్పు కూడా 6 సెం.మీ. ఎక్కువ.

బండిని ఎత్తడమా, చోటు చేయడమా?

చాలామంది వెంటనే పొడవైన స్ప్రింగులు వేసి బండిని ఎత్తుతారు. బండి నిలిచివున్నప్పుడు సందు తిరిగి కనిపిస్తుంది. అయితే చక్రం పెద్ద రాయినెక్కినప్పుడు స్ప్రింగు అణగి, ఇరుసు చట్రానికి అమర్చిన రబ్బరు దిమ్మను తాకేవరకు పైకి పోతుంది. స్ప్రింగు మారినా ఆ దిమ్మ మారలేదు. కాబట్టి ఆ క్షణంలో టైరు పూర్వంకంటె 3 సెం.మీ. పైకి వచ్చి మడ్‌గార్డును కొట్టవచ్చును. దిమ్మను పొడిగిస్తే తాకిడి తప్పుతుంది గాని చక్రం కదలిక తగ్గుతుంది.

ఎత్తడంలో మరొక ప్రమాదమున్నది. చక్రాల మధ్య దూరం 160 సెం.మీ., గరిమనాభి ఎత్తు 75 సెం.మీ. అనుకొంటే, స్ప్రింగుల వంపును లెక్కించకుండా, పక్కకు వాలిన నేలపై బండి సుమారు 47 డిగ్రీల వాలువరకు పడిపోదు. గరిమనాభిని 10 సెం.మీ. ఎత్తితే ఆ హద్దు 43 డిగ్రీలకు దిగుతుంది. వేగంగా మలుపు తిరిగేటప్పుడు కూడ ఈ నిష్పత్తే బండిని కాపాడుతుంది.

కనుక బండిని వీలైనంత తక్కువ ఎత్తి, మడ్‌గార్డునే పైకి జరపడం మేలు. 1941లో తయారైన విల్లీస్ సైనిక జీపుకు ముందు మడ్‌గార్డులు బల్లపరుపుగా వుండేవి. నేడు అమ్మే ఎత్తయిన మడ్‌గార్డులలో చాలావాటికి ఆ రూపమే. రాంగ్లర్ ముందు మడ్‌గార్డులను బోల్టులు విప్పి మార్చవచ్చును. వెనుక చక్రం గూడు శరీరపు రేకులోనే ఏర్పడి వుంటుంది. అక్కడ చోటు కావాలంటే రేకును కోయవలసినదే. కోసిన అంచుకు వెంటనే తుప్పు నివారించే రంగు పూయాలి.

కొలిచే పద్ధతి

కొలత చక్రం నిలిచినచోట తీసుకుంటే చాలదు. అది కదిలే మేరంతటా తీసుకోవాలి. బండిని గట్టి ఆధారాలపై నిలిపి, స్ప్రింగులు తీసి, ఒక చక్రాన్ని దిమ్మ తాకేవరకు ఎత్తుతారు. రెండవ చక్రాన్ని కిందికి వేలాడనిస్తారు. అప్పుడు స్టీరింగును రెండువైపులా చివరివరకు తిప్పి, టైరు తాకేచోట్ల సుద్దతో గుర్తు పెడతారు. బంపరు మూల, తలుపు ముందరి రేకు అంచు ముఖ్యంగా చూడవలసిన స్థలాలు. బురద పట్టడానికి కొంత సందు అదనంగా విడవాలి.

ఏ లోహం?

ఉక్కు సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.8 గ్రాములు, అల్యూమినియమునకు 2.7. ఉక్కు మడ్‌గార్డు బరువైనా, వంగితే సుత్తితో సరిచేయవచ్చును. అల్యూమినియము తుప్పు పట్టదు, కాని దానిని అతకడం కష్టం. ప్లాస్టిక్ తేలిక, కొంత వంగి తిరిగి యథాస్థితికి వస్తుంది. ఏది ఎన్నుకున్నా టైరు నేలను తాకే వెడల్పంతా కప్పాలి. లేనిచో ఎగిరిన రాయి వెనుక వచ్చేవారి అద్దాన్ని పగులగొడుతుంది.

టైరు పెరిగితే వేగమాపకం కూడ తప్పు చెబుతుంది. పై ఉదాహరణలో అది 60 చూపినప్పుడు అసలు వేగం సుమారు 64. మన దేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించినవాటికి భిన్నమయ్యేట్లు బండిని మార్చడాన్ని నిషేధిస్తున్నది. కనుక రంపం పట్టేముందు రవాణా అధికారుల నడిగి తెలుసుకోవాలి.

విద్యార్థులు తమ సైకిలు ముందు చక్రానికి, మడ్‌గార్డుకు మధ్య సందును కొలిచి, ఎంత లావు టైరువరకు అందులో తిరగగలదో లెక్క వేయవచ్చును. జీపుకు వర్తించే రేఖాగణితమే సైకిలుకూ వర్తిస్తుంది.